సిఫారసు అడగని లైబ్రరీ

ఈ జిల్లాలో నన్ను ఎన్నడూ తిరుమల దర్శనానికి సిఫారసు లెటరు అడగని మనిషి ఒక్కరే ఉన్నారు. పలమనేరు దగ్గరి ఒక పల్లెలో చదువు చెప్పి రిటైరైన టీచరమ్మ. ఆదివారం ఆమె చర్చికి పోతుంది. కొండకు రావలసిన పని లేదు. మిగిలినవాళ్ళంతా నేను తిరుపతిలో పత్రికా ఉద్యోగం చేసినంత కాలమూ అడిగారు, రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా అడుగుతున్నారు. బాగుండావా అన్నాక రెండో మాట అదే. అందుకే టీచరమ్మ ఫోన్ వస్తే నాకు భయం ఉండేది కాదు. పోయిన ఎండాకాలం వచ్చిన ఫోనుకు మాత్రం భయపడి ఉండాల్సింది.

"అబ్బా, నా పాలకేంద్రం ముక్కలు నీ కాడ ఉండాయా?" అంది.

ఉన్నాయి. మా జిల్లా ఎడిషన్‌లో ఆమె చాలా ఏళ్ళు వారం వారం రాసింది. పల్లెలో పొద్దున్నే పాలు పోయడానికి క్యాన్లు పట్టుకుని నిలబడే ఆడవాళ్ళు ఏం మాట్లాడుకున్నారో అదే విషయం. తెల్లకాగితం మీద రాసి, కవర్లో పెట్టి, తిరుపతి బస్సు కండక్టరు చేతికిచ్చేది. నేను దిద్ది పేజీలో పెట్టేవాణ్ణి. ఆమె రాతలో ప్రాణమంతా చివరి పేరాలో ఉండేది. అంతవరకూ ఊరి కబురు నడుస్తుంది. చివర్న ఒక ఆడమనిషి ఒక మాట అంటుంది. ఆ మాటకు ఊరి పెద్దమనిషి తువ్వాలు సర్దుకుని పక్కకు తప్పుకుంటాడు.

సరిగ్గా ఆ పేరానే నేను కోసేవాణ్ణి. పగ ఏమీ లేదు. సాయంత్రం పేజీ కట్టే వేళకు ఏదో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ప్రకటన వచ్చి కూర్చునేది. ప్రకటనను కోసే మగాడు ఇంతవరకూ పుట్టలేదు. రాతను కోస్తారు, అదీ అడుగు నుంచి. ముఖ్యమైనది పైన ఉంటుందని, అడుగున ఉన్నది పోయినా ఎవరికీ నష్టం లేదని మా వృత్తిలో ఒక నమ్మకం. టీచరమ్మకు ఆ సంగతి తెలియక అసలు సరుకు అడుగున పెట్టేది. మరుసటి రోజు ఫోన్ చేసి కడపటి మాట ఏమైందని అడిగేది. అందరు రచయితలకూ చెప్పేదే ఆమెకూ చెప్పేవాణ్ణి: "పేపర్లో సోటు సాల్లేదు టీచరమ్మా. కంప్యూటర్లో మొత్తం ఉండాది."

ఇప్పుడు పలమనేరులో ఒక చిన్న ప్రెస్సాయన వాటిని పుస్తకంగా వేస్తానన్నాడట. మళ్ళీ టైపు చేయించే ఓపిక తనకు లేదు, కంప్యూటర్లో చదవగలిగే అక్షరాలు తెచ్చిస్తే వానలు పడేలోగా అచ్చు వేసేస్తానన్నాడట. ఆమె దగ్గర రాత ప్రతులు లేవు, అన్నీ బస్సెక్కి మా ఆఫీసుకే వచ్చాయి. పేపరు ముక్కలు కత్తిరించి బడి గోడకు అంటించేది. బడిని బాగుచేసినవాళ్ళు వాటి మీదే సున్నం కొట్టారు. ఇక మా ఆఫీసు. అక్కడ పాత సంచికల కట్టలను ఒక శుభముహూర్తాన తూకానికి వేశారు. ఊరి చరిత్రకు మేమే అద్దమని ఏటా వార్షికోత్సవం నాడు మొదటి పేజీలో రాసుకున్న పత్రిక, ఆ అద్దాన్ని బజ్జీలు చుట్టుకోవడానికి ఇచ్చేసింది.

"పేపర్లో వచ్చినంత మటుకే అయితే నాకొద్దు. కడాకు ఆడోళ్ళు అన్న మాటలుండాయే, అవి కావాల. కంప్యూటర్లో ఉండాయని నువ్వే గదా సెప్పినావు?"

నేను చెప్పింది నిజమో అబద్ధమో నిజంగా నాకే తెలియదు. ఆ పేజీల ఫైళ్ళు నా దగ్గర ఒక పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. మేము అప్పట్లో పేజీలు కట్టిన సాఫ్ట్‌వేర్‌కు ఒక గుణం ఉండేది. రాత ఎక్కువై బాక్సు చిన్నదైతే, పట్టని భాగం పేజీ మీద కనపడదు గాని ఫైలు లోపల అలాగే పడి ఉంటుంది. ఆపరేటర్ బాక్సును కుదించి ఊరుకుని ఉంటే టీచరమ్మ చివరి మాటలు లోపల భద్రం. ప్రకటన వస్తుందని తెలిసి నేను ముందే కాగితం మీద పెన్నుతో కొట్టేసి ఉంటే అవి టైపే కాలేదు. తెరిచి చూస్తే గాని తెలియదు. తెరవాల్సిన సాఫ్ట్‌వేర్ కాలం చేసి చాలా ఏళ్ళయింది.

వెతగ్గా వెతగ్గా ఒక లైబ్రరీ దొరికింది. ఇది పుస్తకాల లైబ్రరీ కాదు. వేరే ప్రోగ్రాములు వాడుకోవడానికి ఎవరో రాసిపెట్టిన పనిముట్ల పెట్టెను కంప్యూటర్‌వాళ్ళు లైబ్రరీ అంటారు. ఇది అలాంటి పాత ఫైలును తెరిచి, కనపడే రాతనూ కనపడని రాతనూ మొత్తం బయట పోస్తుంది. ఏ దేశంలోనో తీరిక ఉన్న మనిషి రాసి ఊరికే ఇచ్చాడు. అయితే తయారు సరుకుగా ఇవ్వలేదు, సోర్స్ కోడ్ ఇచ్చాడు. అంటే ఇడ్లీ కాదు, పిండి కూడా కాదు, బియ్యమూ మినప్పప్పూ. నానబెట్టి రుబ్బి ఉడికించుకోవలసింది మనమే. దాన్ని బిల్డ్ చేయడం అంటారు. ఉడికినదాన్ని కంప్యూటర్లో తన చోట కూర్చోబెడితే ఇన్‌స్టాల్ అయినట్టు.

తిరుపతిలో ఇంజనీర్లకు కరువా? మా వీధిలో ఇంటికొక బీటెక్ ఉన్నాడు. ఇద్దరున్న ఇళ్ళూ ఉన్నాయి. వాళ్ళ కాలేజీల ప్రకటనల కోసమే కదా నేను అన్నేళ్ళు అన్ని పేరాలు కోసింది. ఒకాయన్ను అడిగితే "అది మా మాడ్యూల్ కాదు అంకుల్" అన్నాడు. ఇంకొకాయన సోర్స్ కోడ్ వంక వంటవాడు వరికంకిని చూసినట్టు చూసి, "దీనికి యాప్ లేదా?" అన్నాడు. చివరికి మా పక్కింటి లెక్చరర్ దయతలిచాడు. నలభై దాటినవాడు. తాతా తండ్రీ కొండ మీద సేవలో ఉన్న కుటుంబం, నుదుట సన్నని నామం. ఒక ప్రైవేటు కాలేజీలో సరిగ్గా ఈ పాఠమే చెబుతాడు. నా లాప్‌టాప్ మరీ నత్తనడక నడుస్తోందని విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించింది కూడా ఆయనే.

ఒక ఆదివారం పొద్దున టిఫిన్ చేసి వచ్చి కూర్చున్నాడు.

"ఇదేముంది సార్, మూడు కమాండ్లు. కాఫీ వచ్చేలోపల అయిపోతాది."

కొట్టడం మొదలుపెట్టాడు. ప్రతి లైనుకూ ముందు ఒకటే మాట కొడుతున్నాడు. చాలాసేపు చూసి అడిగాను, "అదేమప్పా, అన్నిటికీ ముందర ఆ ముక్క?"

"సుడో సార్. అది పెట్టి పాస్‌వర్డ్ కొడితే మనం అడ్మినిస్ట్రేటర్ అయిపోతాం. ఇంగ మనల్ని అడిగేవాడు ఉండడు."

"ఇప్పుడెవురైనా అడిగినారా?"

"అడక్కముందే పెట్టేయాల సార్. అడిగినాక పెడితే ఏం మర్యాదుంటాది?"

నాకు విషయం తెలిసిపోయింది. ఆయన కొడుతున్నది కమాండు కాదు, లెటరు. మా ఊళ్ళో క్యూలో నిలబడడమంటే నామోషీ. పైరాష్ట్రం నుంచి వచ్చినవాడో, తిరుపతిలో చుట్టం లేని దౌర్భాగ్యుడో నిలబడాలి. ఊరివాడు నిలబడితే వాడికేదో ఆపద వచ్చిందనుకుంటారు. క్యూ ఖాళీగా ఉన్న రోజున కూడా లెటరు తీసుకుని, ఆ లెటరు చూపించే క్యూలో మూడు గంటలు నిలబడి, లోపలికి పోయి వచ్చి "డైరెక్టుగా పోయినాం" అని చెప్పుకునేవాళ్ళను నేను బోలెడంత మందిని చూశాను. వాళ్ళకు ఆ లెటర్లు తెచ్చిపెట్టింది నేనే. నేనూ ప్రెస్ కార్డు లేకుండా ఒక్కసారీ కొండెక్కలేదు. కాబట్టి లెక్చరర్‌ను తప్పు పట్టే నైతిక హక్కు నాకు లేదు. చూస్తూ కూర్చున్నాను.

కాఫీ వచ్చింది, చల్లారింది. మొదటి కమాండు, ఫలానా చిన్న లైబ్రరీ కనపడలేదంది. దాన్ని ఎక్కడి నుంచో తెచ్చి సుడోతో కూర్చోబెట్టాడు. అది పని చేయాలంటే ఇంకొకటి కావాలంది. మంత్రిగారి లెటరుకు ఎమ్మెల్యేగారి పీఏ ఫోనూ, ఆ పీఏ ఫోనుకు మండల నాయకుడి మాటా కావలసినట్టు, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. మధ్యాహ్నానికి బిల్డ్ అయిందన్నాడు. ఫైళ్ళు తెరవమని నన్ను కూర్చోబెట్టాడు. తెరవబోతే "అనుమతి లేదు" అని వచ్చింది.

"ఇదేమప్పా, నా కంప్యూటర్లో నాకే అనుమతి లేదంటాది?"

"అడ్మినిస్ట్రేటర్ పేరు మీద కట్టినాం గదా సార్. ఇప్పుడవి మీవి కాదు, ఆయనవి. సుడో పెట్టి తెరవండి."

సుడోతో కట్టినదాన్ని సుడోతోనే తెరవాలి, సుడోతోనే సరిచేయాలి, సుడోతోనే తుడవాలి. పెద్దమనిషి లెటరుతో ఒకసారి లోపలికి పోతే జీవితాంతం ఆయన్నే పట్టుకుని తిరగాలన్నది మా ఊరి అనుభవం. లైబ్రరీలకూ అదే నియమమని ఆ రోజు తెలిసింది. పది చోట్ల అనుమతి లేదనిపించుకున్నాక లెక్చరర్‌కు పౌరుషం వచ్చింది.

"ఒక్క దెబ్బకు తేల్చేస్తా సూడండి సార్. మొత్తం సిస్టంలో అన్ని ఫైళ్ళకూ అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చేస్తా. ఇంగ ఎవుడాపుతాడో సూస్తాం."

ఇచ్చేశాడు. తెర మీద ఏమీ రాలేదు. ఆయన చేతులు దులుపుకుని, తర్వాతి కమాండుకు ముందు అలవాటుగా సుడో కొట్టాడు. ఈసారి సుడోనే రానంది. ఆ సుడో అనేదానికి ఒక ప్రత్యేకమైన ముద్ర ఉంటుందట. అది చెరగకుండా ఉంటేనే పని చేస్తుందట. అన్ని తలుపులూ బార్లా తెరిచిన ఆ ఒక్క దెబ్బకు ఆ ముద్ర కూడా చెరిగిపోయింది. అందరినీ వీఐపీలను చేసేసరికి, వీఐపీలను పంపించే గుమస్తా కుర్చీ ఖాళీ చేసి పోయాడు.

లెక్చరర్ ఎంటర్ మీద రెండుసార్లు కొట్టి చూశాడు. "సిస్టం కరప్ట్ అయింది సార్. ఫార్మాట్ కొట్టాల" అన్నాడు. తలనొప్పికి తల తీసేయమనే వైద్యం మా ఊరి కంప్యూటర్ షాపులన్నింటిలో దొరుకుతుంది. కాలేజీలో కూడా దొరుకుతుందని నాకు తెలియదు. పెన్‌డ్రైవ్‌ను మాత్రం లాగి చొక్కా జేబులో వేసుకున్నాను.

ఆ సమయానికే టీచరమ్మ ఫోన్ చేసింది. చేతులు ఖాళీ లేక స్పీకర్లో పెట్టాను. జరిగిందంతా చెప్పాను. ఆమె అడ్డం రాకుండా విని, ఒక ప్రశ్న వేసింది.

"ఆ రాసినాయన లోపల కాగితమేమన్నా పెట్టినాడా, ఎట్ల సెయ్యాలని?"

"రీడ్‌మీ అని ఒకటుంది టీచరమ్మా."

"సదివినారా?"

నేను లెక్చరర్ వైపు చూశాను. ఆయన గోడ వైపు చూసి, "అది ఫార్మాలిటీ సార్, ఎవురూ సదవరు" అన్నాడు.

"ఎవురబ్బా అది?"

"పక్కింట్లో లెక్చరర్ గారు."

"ప్రశ్న సదవకుండా జవాబు రాసే పిలకాయల్ని శానా మందిని సూసినా. పెద్దయినాక యాడికి పోయినారో అనుకుంటి. పంతుళ్ళయినారన్న మాట."

లెక్చరర్‌కు ఉన్నట్టుండి ఇంట్లో పని గుర్తొచ్చింది. నేను ఫోన్లో ఆ కాగితాన్ని వెతికి, ఒక్కొక్క వాక్యమూ తెలుగు చేసి ఆమెకు వినిపించాను. జీవితమంతా ఇతరుల రాతలు దిద్దినవాణ్ణి, ఆ ఒక పేజీ చదవడానికి నాకు పక్కన ఒక బడిపంతులమ్మ కావాల్సి వచ్చింది. అందులో మొదటి వాక్యమే, దీన్ని అడ్మినిస్ట్రేటర్‌గా బిల్డ్ చేయకండి అని. రెండోది, కావలసిన చిన్న లైబ్రరీలన్నీ ఈ పొట్లంలోనే ఒక ఫోల్డరులో పెట్టాను, వేరే తేనక్కర్లేదు అని. మూడోది, మీ సొంత ఫోల్డరులోనే దీన్ని కూర్చోబెట్టుకోవచ్చు, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, మొదటి కమాండులో చోటు పేరు చెబితే చాలు అని.

"ఇంగేమి?" అంది టీచరమ్మ. "నీ ఇంట్లో నువ్వు పెట్టుకునేదానికి మంది కాళ్ళు పట్టుకునేదెందుకు?"

లినక్స్ మళ్ళీ ఎక్కించడానికి లెక్చరరే వచ్చాడు, పాపం, మూడు రోజుల తర్వాత. అది అయ్యాక ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, కమాండ్లు నేనే కొట్టాను. సుడో లేదు. పాస్‌వర్డ్ లేదు. మొదటిది అన్నీ ఉన్నాయా అని చూసుకుంది, ఉన్నాయంది. రెండోది కొట్టగానే తెర మీద గీతలు గీతలుగా ఏదో పరిగెత్తింది. మధ్యమధ్య హెచ్చరికలు కూడా వచ్చాయి గాని ఎక్కడా ఆగలేదు. మూడోది కొడితే రెప్పపాటులో అయిపోయింది. అయిపోయిందని కూడా చెప్పలేదు. కాఫీ ఇంకా వేడిగానే ఉంది.

"ఇది ప్రొఫెషనల్ పద్ధతి కాదు సార్" అన్నాడు లెక్చరర్. గ్లాసు కింద పెడుతూ, "అయినా మంచి పాయింటే. సెమిస్టర్లో అడుగుతా, రెండు మార్కులకు" అన్నాడు.

ఆ పూటే ఫైళ్ళు తెరిచాను. లోపలి నుంచి రాత బయటికి వచ్చింది. పాత ఫాంటు అక్షరాలను ఇప్పటి అక్షరాల్లోకి మార్చే పనిముట్లు ఎన్నో ఉన్నాయి, అది పెద్ద పని కాదు. మొదటి ముక్క చదివాను. చివరి మాట లేదు. రెండోదాంట్లోనూ లేదు. పదో ముక్క వరకూ లేదు. ప్రతి ముక్కా మెడ దగ్గర శుభ్రంగా ఆగిపోయింది. అంత శుభ్రమైన కోత జిల్లాలో నేను తప్ప ఎవరూ కోయలేరని అప్పట్లో నాకు గర్వంగా ఉండేది. తర్వాత ఒకచోట వరసగా ఆరు వారాల ముక్కలు చివరి మాటతో సహా, ఒక్క అక్షరం పోకుండా ఉన్నాయి. తేదీలు చూస్తే విషయం తెలిసింది. స్కూటర్ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుని, పుత్తూరులో కట్టు కట్టించుకుని ఇంట్లో పడుకున్న నెలన్నర అది. నేను లేనప్పుడు మా ఆపరేటరే పేజీ చూసుకున్నాడు. ఆయనకు పని మీద శ్రద్ధ తక్కువ. రాత ఎక్కువైతే బాక్సును కుదించి, సిగరెట్టుకు పోయేవాడు. ఆ బద్ధకస్తుణ్ణి నేను ఎన్నిసార్లు తిట్టానో! తక్కినచోట్ల మిగిలిన చివరి మాటలు కూడా అంతే, ఏదో ఒక పెళ్ళికో చావుకో నేను సెలవు పెట్టిన వారాలవి. టీచరమ్మ రాతలు నేను పనిచేయని రోజుల్లోనే పూర్తిగా బతికాయి.

చెప్పక తప్పలేదు. ఫోన్ చేసి, కంప్యూటర్లో మొత్తం ఉందని నేను చెప్పింది అబద్ధమని, ఏ వారాలవి ఉన్నాయో, ఎందుకున్నాయో చెప్పాను.

"ఇంగో కాలు గూడా ఇరిగింటే బాగుండు గదబ్బా" అంది అవతల నుంచి.

మిగిలినవి గుర్తు తెచ్చుకుని మళ్ళీ రాయమన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ఇప్పుడు రాస్తే అవి నా మాటలయితాయి, వాళ్ళవి కాదు. కల్పించి రాసేదానికి నేనేం పేపరుదాన్నా? అన్నోళ్ళలో శానా మంది ఈడనే ఉండారు. నువ్వే వచ్చి అడుక్కోని రాసుకో. కోసినోడే కుట్టాల."

ముందు రోజు సాయంత్రమే పలమనేరు పోయి దిగి, పొద్దున ఆరు గంటలకు ఆమె వెంట పాలకేంద్రం దగ్గర నిలబడ్డాను. ఎండాకాలమైనా అక్కడ చలిగాలి. క్యాన్లు పట్టుకున్న ఆడవాళ్ళు ఇరవై మంది దాకా వరసలో ఉన్నారు. టీచరమ్మ నన్ను తీసుకుపోయి ఆ వరస చివర్లో నిలబెట్టింది.

"ఎవురక్కా ఈయన?" అంది నా ముందున్న ఆమె.

"మన మాటలు కోసినాయన. ఇప్పుడు కావాలంట."

ముందు నుంచి వెనక దాకా తలలన్నీ తిరిగాయి. నేను ప్రింటు తీసుకుపోయిన ఒక ముక్కను పైకి చదివాను. మిషన్లో పాలు కొలిచేవాడు ఒకామె పాలకు రోజూ వెన్న తక్కువని చెప్పి డబ్బులు తగ్గించేవాడు. ఒక రోజు ఆమె, ఎప్పుడూ వెన్న ఎక్కువని రాయించుకునే ఊరి పెద్దాయన క్యాన్లోని పాలే తెచ్చి తన పేరు మీద పోసింది. అయినా వెన్న తక్కువే వచ్చింది. అక్కడితో నా ముక్క ఆగిపోయింది.

"ఆగుతాదేమి?" అంది వరసలోంచి ఒక ముసలామె, క్యాన్ కింద పెట్టి. "దాని ఎనకాల గదా నేను మాటన్నింది!"

"ఏమన్నారమ్మా?" అన్నాను, నోటుపుస్తకం తీసి.

"ఏమంటా? 'ఓ అబ్బా, నీ మిషన్లో పాలు పోస్తే అది నా పేరు సదువుతాంది. రేపట్నుంచి పాలు ఇంట్లోనే పెట్టొస్తా, పేరొక్కటే పోస్తా, కొలుసుకో' అంటి."

వరసంతా నవ్వింది. నేను రాసుకుని పుస్తకం మూయబోయాను.

"మూస్తావేమి నాయనా? దానికి వాడొక మాటన్న్యాడు, దానికి మళ్ళా నేనన్న్యాను. రాసుకో, ఇంగా శానా ఉండాది."